ఎస్‌ఎంపీఎస్ మార్చాలా? డబ్బా మీద అంకె వదిలేయండి, స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి చూడండి

సిరిమానోత్సవానికి ముందు రోజు, సోమవారం మధ్యాహ్నం. విజయనగరంలో ఆ వారం డీటీపీ షాపు నడిపేవాళ్ళ పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఫ్లెక్సీల వాళ్ళు ఒక పక్క, కరపత్రాల వాళ్ళు ఒక పక్క, అందరికీ సాయంత్రానికే కావాలి. సరిగ్గా అప్పుడే కరెంటు ఒకసారి పోయి వచ్చింది. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది, నా కంప్యూటర్ మాత్రం లేవలేదు. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన వోల్టుల్లోకి మార్చి ఇచ్చేది) పోయిందనుకుని, టెన్షన్‌లో పరిగెత్తుకెళ్ళి దగ్గర్లో ఉన్న షాపులో ఏది ఇస్తే అది తెచ్చేసుకున్నాను. డబ్బా మీద పెద్ద అంకెల్లో 450 అని ఉంది, ఆరు వందల యాభై రూపాయలు, గంటలో పని మొదలైపోయింది. ఆ పూటకి గండం గట్టెక్కింది.

మూడు వారాలు తిరక్కుండానే, పెద్ద ఫైలు ఎక్స్‌పోర్ట్ కొట్టిన ప్రతిసారీ కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అవడం మొదలెట్టింది. ర్యామ్ మార్చాను, విండోస్ మళ్ళీ వేశాను, వైరస్ అనుకున్నాను. చివరికి ఆ ఎస్‌ఎంపీఎస్‌ని బయటికి తీసి, పక్కకి తిప్పి, మొదటిసారి దాని స్టిక్కర్ చదివాను. 12 వోల్టుల గడిలో 13 ఆంపియర్లు అని ఉంది. అంటే 156 వాట్లు. మరి 450 ఏమిటని షాపులో అడిగితే, "అది మోడలు నంబరు బావూ, వాట్లని మేమెక్కడ రాసినాం" అన్నాడు. నిజమే, మళ్ళీ చూశాను, ఎక్కడా రాయలేదు.

అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఈ వరసలోనే. కొంచెం పొడుగే, కానీ ఒకసారి చదివితే షాపులో పది నిమిషాల పని.

పోయింది ఎస్‌ఎంపీఎస్సేనా?

గోడ దగ్గర నుంచి మొదలుపెట్టండి. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. యూపీఎస్ ఉంటే దాన్ని తప్పించి నేరుగా గోడకి పెట్టండి. పవర్ కార్డు మార్చి చూడండి, చాలా మానిటర్లకి ఉండేది కూడా అదే రకం కార్డు కాబట్టి దాన్నే పీకి పెట్టొచ్చు. వెనకాల ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్విచ్చి ఉంటుంది, ఇల్లు తుడిచేటప్పుడు చీపురు తగిలి అది ఆఫ్ అయిపోతే "కంప్యూటర్ చచ్చిపోయింది" అని ఆటోలో పెట్టుకుని తెచ్చినవాళ్ళున్నారు.

పవర్ బటన్ కూడా పాడవుతుంది. మదర్‌బోర్డు మీద బటన్ వైరు వచ్చి దిగే రెండు పిన్నులు ఉంటాయి. ఆ వైరు లాగేసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలపండి. కంప్యూటర్ లేచిందంటే మీకు ఖర్చు తప్పినట్టే.

అయినా లేవకపోతే అప్పుడు పేపర్ క్లిప్పు పరీక్ష. ప్లగ్గు పీకండి. ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకి, డిస్కులకి వెళ్ళే వైర్లన్నీ తీసేయండి. పెద్ద 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది, దాని రెండు పక్కలా నల్లవే. ఆకుపచ్చ రంధ్రానికీ పక్కనున్న నల్ల రంధ్రానికీ మధ్య వంచిన పేపర్ క్లిప్పు పెట్టి, అది కదలకుండా చూసుకుని, లోడుకి ఒక పనికిరాని పాత హార్డ్ డిస్కో క్యాబినెట్ ఫ్యానో తగిలించి, అప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయండి. మదర్‌బోర్డు "లే" అని చెప్పే సిగ్నల్ అదే, మనం దొంగతనంగా చెబుతున్నామన్నమాట. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్‌లో ప్రాణం ఉంది. అయితే ప్రాణం ఉన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు, నాది ఫ్యాన్ చక్కగా తిరుగుతూనే మూడు వారాలు ఏడిపించింది. ఇంకో తిరకాసు, ఖరీదైన వాటిల్లో కొన్ని వేడెక్కేదాకా ఫ్యాన్ తిప్పవు, అది చూసి పోయిందనుకోవద్దు. తగిలించిన పాత డిస్కు తిరుగుతోందేమో చూడండి.

కొత్త మోడళ్ళలో వైర్లన్నీ నల్లగానే ఉంటాయి, ఆకుపచ్చ కనపడదు. పిన్నుల లెక్కలో అది 16వది, లాక్ ఉన్న వైపు వరసలోది. ఆ వరసని ఏ చివర నుంచి లెక్కపెట్టాలో నూటికి నూరు పాళ్ళు తెలియకపోతే ముట్టుకోకండి, తప్పు వైపు నుంచి లెక్కపెడితే అక్కడ ఉండేది 5 వోల్టుల పిన్ను. చిన్న ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ దొరుకుతుంది, అది కొనుక్కోండి లేదా తెలిసినవాళ్ళని పిలవండి.

మల్టీమీటర్ ఉంటే ఇంకా సుఖం. పేపర్ క్లిప్పు అలాగే ఉండగా, మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ముల్లు నల్ల వైరు రంధ్రంలో, ఎర్ర ముల్లు ఒక్కో రంగులో పెట్టి చూడండి. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3. ఊదా రంగు వైరులో కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, వెనక స్విచ్చి ఆన్‌లో ఉన్నంతసేపు 5 వోల్టులు రావాలి, అదే లేకపోతే ఇంక బటన్ ఎన్నిసార్లు నొక్కినా దండగ. అయిదు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు, అంటే పసుపులో 11.4 నుంచి 12.6 దాకా, ఎరుపులో 4.75 నుంచి 5.25 దాకా. కానీ ఊరికే ఖాళీగా కొలిస్తే అన్నీ మంచి పిల్లల్లాగే కనిపిస్తాయి. వైర్లు మళ్ళీ బోర్డుకి పెట్టి, కంప్యూటర్ మీద ఏదైనా బరువైన పని నడుస్తుండగా కనెక్టర్ వెనక వైపు నుంచి ముల్లు దూర్చి చూడాలి. నా 450 గారు ఖాళీగా 12.1 చూపించారు. ఎక్స్‌పోర్ట్ కొట్టగానే 11.6, 11.3, 11.1, తర్వాత స్క్రీన్ నల్లబడిపోయింది. ఆ మూడు అంకెలు కళ్ళముందు దిగిపోవడం చూశాక నాకింక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఒక్క మాట గట్టిగా. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారితే 325 దాకా వస్తుంది, కొన్ని రకాల్లో ఇంకా ఎక్కువే, అది పెద్ద కెపాసిటర్‌లో నిలవుంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా. ఫ్యూజు చూద్దామని విప్పి చెయ్యి కాల్చుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

మీ కంప్యూటర్ ఎంత తింటుంది

ఇది చాలామంది ఎక్కువగా ఊహించుకుంటారు. నా షాపు మెషీన్‌నే తీసుకోండి. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400, దాని మీద 65 వాట్లని రాసి ఉంటుంది, కానీ గట్టిగా పని చేసేటప్పుడు 117 దాకా లాగొచ్చని ఇంటెల్ వాళ్ళే చెబుతారు, కాబట్టి 117 వేసుకోండి. మదర్‌బోర్డు, ర్యామ్ కలిపి 40. హార్డ్ డిస్కు తిరుగుతున్నప్పుడు ఏడెనిమిది వాట్లే గానీ స్టార్టయ్యే ఆ రెండు మూడు సెకన్లు 20 పైన లాగుతుంది. ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు, కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవ్ అన్నీ కలిపి ఒక 15 వేయండి. మొత్తం 190, 200 లోపు. గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు కంప్యూటర్‌కి, అది నిజమైన 400 వాట్లయితే, కావాల్సినదానికంటే ఎక్కువే.

గ్రాఫిక్స్ కార్డు ఉంటే లెక్క మారుతుంది. మదర్‌బోర్డు స్లాటు 75 వాట్ల దాకా ఇవ్వగలదు, అందుకే జీటీఎక్స్ 1650 లాంటి 75 వాట్ల కార్డులు చాలావరకు విడి వైరు లేకుండానే నడుస్తాయి. ఆరు పిన్నుల వైరు ఇంకో 75, ఎనిమిది పిన్నుల వైరు 150 ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060 తినేది 170 వాట్లు, కానీ ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటుంది. లెక్కేస్తే అంత అవసరం లేదు కదా అనిపిస్తుంది. కార్డు ఒక్కసారిగా ఎగిరి లాగే క్షణాలున్నాయి, పైగా జనం ఎలాంటి డబ్బాలు పెడతారో ఆ కంపెనీకి తెలుసు. వాళ్ళు చెప్పిన అంకె కింద పోవద్దు, దానికి రెట్టింపూ వద్దు. పిల్లాడు గేములాడతాడని 850 వాట్లు కొనిపించే షాపులూ ఉన్నాయి, ఆ డబ్బుతో ఇంకో ఎస్‌ఎస్‌డీ వస్తుంది.

ఇప్పుడు స్టిక్కర్

షాపులో పైన ఉండే అట్టపెట్టె విప్పించండి. మొహమాటపడకండి, చీర కొనేటప్పుడు మడత విప్పించమా? ఎస్‌ఎంపీఎస్ పక్కన ఒక పట్టిక ఉన్న స్టిక్కర్ ఉంటుంది. అసలు స్టిక్కరే లేకపోయినా, ఉన్నా పట్టిక లేకపోయినా అక్కడితో ఆపేసి ఇంకోటి చూపించమనండి.

పట్టికలో పై వరసలో వోల్టులు, దాని కింద ఆంపియర్లు. +3.3, +5, +12, -12, 5 స్టాండ్‌బై అని అయిదు గడులుంటాయి. మీరు చూడాల్సింది +12 ఒక్కటే. అక్కడి ఆంపియర్లని 12తో గుణించండి. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ తినేది ఈ 12 వోల్టుల నుంచే. పాతకాలంలో 5 వోల్టుల మీద నడిచేది, 2000లో పెంటియం 4 వచ్చినప్పుడు ఇంటెల్ ప్రాసెసర్‌కి విడిగా నాలుగు పిన్నుల 12 వోల్టుల వైరు పెట్టించి దారి మార్చేసింది. చవక రకాలు చేసేవాళ్ళు కొందరు ఇంకా ఆ పాత డిజైన్‌నే కొత్త స్టిక్కర్‌తో అమ్ముతున్నారు, 5 వోల్టుల గడిలో పెద్ద అంకె, 12 దగ్గర పీలగా. చూడగానే తెలిసిపోతుంది.

ఒక మంచి 450 వాట్ల దాని మీద 12 వోల్టుల గడిలో 35 ఆంపియర్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 420 వాట్లు. నా దాని మీద 13. రెండిటి డబ్బాల మీదా అదే 450. మీరు గుణించగా వచ్చింది డబ్బా మీద అంకెకి తొంభై శాతం పైన ఉంటే ఆ కంపెనీ మనతో నిజం మాట్లాడుతోంది. సగం కూడా లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. 12వీ1, 12వీ2 అని రెండు గడులుంటే రెండూ కూడేయకండి, ఉమ్మడిగా ఇన్ని వాట్లని కింద ఇంకో వరస ఉంటుంది, అదే లెక్క.

"పీక్" అన్న మాట కనిపిస్తే జాగ్రత్త. పీక్ అంటే ఒక్క క్షణం ఇవ్వగలిగింది, రోజంతా ఇచ్చేది కాదు. ఏ వేడిలో అన్ని వాట్లు ఇస్తుందో కూడా కొందరు రాస్తారు. 40 డిగ్రీలనో 50 డిగ్రీలనో ఉంటే మంచిది. 25 డిగ్రీలని ఉంటే అది మే నెలలో శ్రీకాకుళంలో రేకుల షెడ్డు కింద కూర్చునే మెషీన్‌కి రాసింది కాదు.

తర్వాత 80 ప్లస్ గుర్తు. తెలుపు, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని ఉంటాయి. గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత శాతం కంప్యూటర్‌కి చేరుతుందో, ఎంత వేడిగా పోతుందో చెప్పే గుర్తది. బ్రాంజ్ అంటే సగం లోడు మీద 85 శాతం. లెక్క వేసి చూపిస్తాను. మీ మెషీన్ 150 వాట్లు తింటోందనుకోండి, 85 శాతందైతే గోడ నుంచి 176 లాగుతుంది, 70 శాతం నాసిరకందైతే 214. తేడా 38 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు షాపు తెరిస్తే తొంభై యూనిట్లు. మీ కరెంటు బిల్లులో కమర్షియల్ రేటుతో గుణించుకోండి, రెండు మూడేళ్ళలో ఎస్‌ఎంపీఎస్ ధరలో తేడా చాలావరకు వచ్చేస్తుంది. ఇంట్లో రోజుకి గంటసేపు వాడే కంప్యూటర్‌కైతే గోల్డ్ కోసం ఎగబడక్కర్లేదు, బ్రాంజ్ చాలు. ఇది పొదుపు గుర్తే గానీ నాణ్యత గుర్తు కాదు, వోల్టేజి నిలకడ గురించి ఏమీ చెప్పదు. అంటించిన బొమ్మ నిజమో కాదో అనుమానమొస్తే 80 ప్లస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో మోడల్ పేరు వెతకండి. సైబెనెటిక్స్ అనే ఇంకో సంస్థ టెస్టు రిపోర్టులు ఉచితంగానే పెడుతుంది, మీరు చూసే మోడల్ అందులో దొరికితే అంతకంటే ఏం కావాలి.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కూడా చూడండి, దాని పక్కన ఐఎస్‌తో మొదలయ్యే ప్రమాణం నంబరూ, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరూ ఉంటాయి. ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. షాపులో నిలబడే చేయొచ్చు.

చివరగా చేతిలోకి తీసుకుని ఊపకుండా బరువు చూడండి. మంచిది బరువుగా ఉంటుంది, లోపల హీట్‌సింకులు, రాగి చుట్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి కాబట్టి. ఫోన్ టార్చ్ వేసి ఫ్యాన్ జాలీలోంచి తొంగి చూడండి. కరెంటు లోపలికొచ్చే చోట రాగి చుట్టలు, పసుపో నీలమో చిన్న పలక కెపాసిటర్లు కనిపించాలి. నా దాంట్లో అక్కడ బోర్డు మీద వాటి బొమ్మలు గీసి ఉన్నాయి, రంధ్రాలున్నాయి, వస్తువులు లేవు, వాటి బదులు తీగ ముక్కలు అతికించి ఉన్నాయి.

మరి ధర? గౌరవంగా ఉండే 450 వాట్లది రెండు, మూడు వేల మధ్యలో దొరుకుతుంది. వారంటీ మూడేళ్ళో అయిదేళ్ళో ఉంటుంది. వారంటీ అంటే ఎవరికివ్వాలో అడగండి, షాపువాడే తీసుకుంటాడా, విశాఖ తీసుకెళ్ళాలా, కొరియర్ మన ఖర్చా. ఏడాది వారంటీ, "మనదే బావూ, ఏటీ అవదు" అంటే అది వారంటీ కాదు, ఆప్యాయత.

సెకండ్‌హ్యాండ్ ఎస్‌ఎంపీఎస్ నేనైతే కొనను. ప్రాసెసర్ పాతది కొంటాను, మానిటర్ కొంటాను, ఇది మాత్రం వయసుతో అరిగేది. ఉబ్బిన కెపాసిటర్లు మార్చి రెండొందలకి బాగుచేసి ఇచ్చే మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు, పనితనం ఉన్నవాళ్ళే, అలా చేయించింది పాటలు పెట్టుకునే కంప్యూటర్‌కి వాడుకోవచ్చు. లెక్కల పుస్తకం ఉన్న కంప్యూటర్‌కి వద్దు.

దూరుతుందా, వైర్లు సరిపోతాయా

మామూలు క్యాబినెట్‌కైతే ఏటీఎక్స్ సైజు, వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86. లోతు మాత్రం మోడల్‌ని బట్టి మారుతుంది, టేపు పెట్టి కొలవండి. సన్నగా ఉండే క్యాబినెట్లకి వేరే సైజులున్నాయి, పాతది విప్పి చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళడమే మేలు.

ఆఫీసుల నుంచి వచ్చిన పాత డెల్, హెచ్‌పీ, లెనోవో డెస్క్‌టాప్‌లు ఈ మధ్య మన ఊళ్ళలో బాగా అమ్ముడవుతున్నాయి, ధరకి మంచి మెషీన్లే. కానీ వాటిలో చాలావాటికి 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, ఆరో ఎనిమిదో పదో పద్నాలుగో పిన్నులతో సొంత పద్ధతి ఉంటుంది. క్యాబినెట్ మూత తీసి చూసుకోకుండా బయల్దేరితే రాజాం నుంచి వచ్చినవాళ్ళు మళ్ళీ రాజాం వెళ్ళాల్సిందే.

ప్రాసెసర్ పక్కన ఉండే 12 వోల్టుల సాకెట్ నాలుగు పిన్నులదా, ఎనిమిదా చూసుకోండి. కొత్త వాటికి నాలుగు ప్లస్ నాలుగుగా విడిపోయే వైరు ఉంటుంది, రెండిటికీ సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు వైరు ఆరు ప్లస్ రెండు, అది కూడా ఎనిమిదే, చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, కానీ లోపల ప్లస్సూ మైనస్సూ తారుమారు. బలవంతంగా నొక్కితే తప్ప దూరదు, కాబట్టి నొక్కకండి. సాటా వైర్లు మీకున్న డిస్కులకి సరిపడా లేకపోతే, పాత నాలుగు పిన్నుల మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవక వైరు పెడదామంటారు. ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోత పోసిన రకం అయితే వద్దు, లోపల తీగలు కలిసిపోయి కాలిన సందర్భాలున్నాయి, డిస్కుతో సహా.

మన కరెంటు, మన ఎర్త్

స్టిక్కర్‌లో ఇన్‌పుట్ అని ఇంకో వరస ఉంటుంది. 100 నుంచి 240 అని ఉంటే, సాయంత్రం మోటార్లన్నీ ఒకేసారి వేసినప్పుడు 170కి పడిపోయే ఊళ్ళో కూడా అది నిలబడుతుంది. 200 నుంచి 240 అని ఉంటే దానికి స్టెబిలైజర్ తోడు కావాలి. పాత రకాల్లో వెనకాల 115, 230 అని ఎర్రటి స్విచ్చి ఉంటుంది. అది 230 మీదే ఉండాలి. ఇంట్లో గుంటడెవడైనా వేలు పెట్టి 115కి తోశాడంటే, మీరు ఆన్ చేయగానే దీపావళి.

తక్కువ వోల్టేజి కంటే ఎక్కువ వోల్టేజి ప్రమాదం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో మా బావమరిది వాళ్ళ ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. తిరిగొచ్చిన రోజు సంబరంలో అన్నీ ఆన్ చేసేశారు, టీవీ, కంప్యూటర్ రెండూ పోయాయి. గాలివానకి న్యూట్రల్ తీగ తెగితే సింగిల్ ఫేజ్ ఇంట్లోకి 300 పైన రావొచ్చు, ఎంత మంచి ఎస్‌ఎంపీఎస్సైనా దానికి ఆగదు. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గు పీకేయండి, స్విచ్చి ఆపడం కాదు. కరెంటు తిరిగొచ్చాక మొదట బల్బు వెలుతురు నిలకడగా ఉందో లేదో చూసి, కాసేపాగి పెట్టండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎస్‌ఎంపీఎస్ పాడైందని మార్చేస్తారు, కొత్తది పెట్టినా జిల్లుమంటూనే ఉంటుంది. ఎందుకంటే కరెంటు వచ్చే రెండు తీగల నుంచీ ఇనప డబ్బాకి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి, విద్యుత్ చెత్తని ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్త్ లేకపోతే ఆ డబ్బా మీద మీటర్ పెడితే దాదాపు సగం, 110 చుట్టూ కనిపిస్తుంది. కరెంటు పరిమాణం చాలా తక్కువ, అందుకే జిల్లుతో ఆగుతుంది. తప్పు సాకెట్‌ది. మీటర్‌ని ఏసీ 600 వోల్టుల దగ్గర పెట్టి సాకెట్‌లో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. రాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత చూపించండి, ఎండాకాలం అందులో నీళ్ళు పోయించండి.

యూపీఎస్ సంగతి. 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అని రాసి ఉన్న చాలా వాటి అసలు బలం 360 వాట్లే, ఇక్కడా అదే అంకెల గారడీ. ఇంకోటి, యూపీఎస్ బాగానే ఉన్నా కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందంటే అందరూ బ్యాటరీని తిడతారు. యూపీఎస్ బ్యాటరీ మీదకి మారడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది, ఈలోపు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌లో దాచుకున్నదాంతో నెట్టుకురావాలి. ఇంటెల్ నియమం ప్రకారం 16 మిల్లీ సెకన్లు ఆగాలి. పీల కెపాసిటర్ పెట్టినది ఆగదు. కొత్తది పెట్టాక ఫైళ్ళన్నీ మూసేసి, ఒకసారి యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకి చూడండి. ఎవరూ చేయరు, ఒక్క నిమిషం పని.

బిగించాక

వైర్లు విడిగా ఊడొచ్చే మాడ్యులర్ రకం కొంటే, పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లని కొత్తదానికి పెట్టకండి, ఒకే కంపెనీవైనా సరే. బోర్డు వైపు పిన్నులు అన్నిటికీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు ఎవరి ఇష్టం వాళ్ళది. ఈ ఒక్క తప్పుతో హార్డ్ డిస్కులు పోతాయి.

24 పిన్నులది నొక్కినప్పుడు లాక్ టక్కుమనాలి. మొదటి రోజు క్యాబినెట్ మూత పెట్టకుండా మీ బరువైన పని అరగంట నడపండి, మీటర్ పసుపు వైరు మీద ఉంచి. నాకు ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ మధ్యలో 11.9 చూపిస్తోంది, అక్కడి నుంచి కదలదు. కాలిన వాసన, సన్నటి ఈల మోత, ఏదొచ్చినా బిల్లు ఉన్నప్పుడే, ఆ వారంలోనే వెనక్కివ్వండి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఉంటే ఆరు నెలలకోసారి జాలీ మీద దుమ్ము బ్రష్షుతో దులపండి. వెనక ఖాళీగా ఉన్న స్లాట్లకి రేకులు బిగించండి, బల్లులు దూరేది అక్కడి నుంచే.

డబ్బా పక్కన మార్కర్‌తో కొన్న తేదీ, వారంటీ ఎప్పటిదాకానో రాసి ఉంచండి, బిల్లు ఫోటో తీసుకోండి, ఆ సిరా నెలల్లో మాసిపోతుంది.

నా పాత 450 ఇంకా షాపులోనే ఉంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడదామనుకున్నాను, తలుపుతో పాటు అదీ జరిగిపోతోంది.